చేపకు ఆక్సిజన్ దేనికి? ఒక చెరువులో జీవక్రియల కథ

పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా జిల్లాల్లో చేపలు, రొయ్యలు పెంచేవాళ్లకు తెల్లవారుజామున కంటి మీద కునుకు ఉండదు. రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంటే మరీను. చెరువు నీటిలో ఆక్సిజన్ అడుగంటేది ఆ వేళలోనే. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటాయి. ఆ సమయానికి కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ అందుకోకపోతే నెలల తరబడి పెట్టిన పెట్టుబడి పొద్దు పొడిచేలోపు నీటి మీద తేలుతుంది.

ఆక్సిజన్ అందకపోతే చేప చస్తుందని అందరికీ తెలుసు. ఎందుకు చస్తుంది? ఒంట్లోకి వెళ్లిన ఆక్సిజన్ అక్కడ చేసే పనేమిటి? పాఠ్యపుస్తకం జీవక్రియలను పోషణ, శ్వాసక్రియ, ప్రసరణ, విసర్జన అని వేర్వేరు పాఠాలుగా విడదీస్తుంది. చెప్పడానికి అది వీలుగానే ఉంటుంది. చెరువులో మాత్రం వాటి మధ్య గోడలు లేవు. ఒకదానిలో లోటు వస్తే కాసేపటికే మిగతావన్నీ కుంటుపడతాయి. అన్నీ కలిసి చేసేది ఒకే పని కాబట్టి అలా జరుగుతుంది. ప్రతి కణానికీ నిమిషం ఎడం లేకుండా శక్తి అందాలి, ఆ శక్తి పుట్టే క్రమంలో మిగిలిన చెత్త బయటికి పోవాలి. ఆ పని ఆగకుండా సాగుతున్నంతసేపే ప్రాణం.

చెరువు నీరు పచ్చగా ఉండటానికి కారణం అందులో తేలే సూక్ష్మ శైవలాలు, రైతుల మాటలో ప్లాంక్టన్. పగలు ఇవి ఎండను వాడుకుని, కార్బన్ డయాక్సైడ్ నుంచీ నీటి నుంచీ చక్కెర తయారుచేస్తాయి. ఆ క్రమంలో నీటి అణువు విడిపోయి ఆక్సిజన్ బయటపడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్ నుంచి కాకుండా నీటి నుంచే వస్తుందని 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఐసోటోపుతో చూపింది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళకు చెరువులో ఆక్సిజన్ గరిష్ఠంగా ఉంటుంది. పొద్దు గూకగానే తయారీ ఆగిపోతుంది, వాడకం మాత్రం సాగుతూనే ఉంటుంది. చేపలు వాడతాయి, అడుగున కుళ్లుతున్న మేతను తినే బ్యాక్టీరియా వాడుతుంది, ఆక్సిజన్ ఇచ్చిన శైవలాలు కూడా వాడతాయి. తెల్లవారేసరికి నిల్వ అట్టడుగుకు చేరుతుంది. మబ్బు రోజున పగలే తయారీ తక్కువ కాబట్టి మర్నాటి తెల్లవారుజాము ఇంకా గడ్డుగా ఉంటుంది.

మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి ఊపిరి తీసుకుంటాయి అన్న మాట చాలామంది నోట వినిపిస్తుంది. అందులో సగమే నిజం. మొక్క శ్వాసించడం పగలూ రాత్రీ సాగుతుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ అంతకు ఎన్నో రెట్లు జోరుగా జరుగుతుంది కాబట్టి శ్వాసక్రియ బయటికి కనిపించదు, అంతే. డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లోనే ఈ సంగతి ప్రయోగాలతో పట్టుకున్నాడు. పచ్చని ఆకులు ఎండలో గాలిని బాగుచేస్తాయి, చీకట్లో అవే పాడుచేస్తాయి అన్నది ఆయన తేల్చిన విషయం. ఆక్వా రైతు రాత్రంతా, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు ముంచి చూసుకునేది ఆ రెండో సగాన్నే.

నీటిలో బతకడమంటే ఆక్సిజన్ విషయంలో పేదరికంలో బతకడం. లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల వేడి ఉన్న లీటరు మంచినీటిలో మామూలుగా పట్టేది ఏడున్నర మిల్లీగ్రాములే. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో ఇమిడే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి చేప అవసరం పెరుగుతుంది. ఈ లోటును చేప మొప్పల నిర్మాణంతో పూడ్చుకుంటుంది. మొప్పల మీదుగా నీరు ఒక దిక్కుకు పారుతుంటే, లోపలి సన్నని నాళాల్లో రక్తం దానికి ఎదురు దిక్కుకు పారుతుంది. రక్తం ఎంత ముందుకు వెళ్లినా దానికి తనకంటే ఎక్కువ ఆక్సిజన్ ఉన్న నీరే ఎదురవుతుంది. అందుకే చివరిదాకా పీల్చుకుంటూనే ఉండగలుగుతుంది. ఈ ఏర్పాటు వల్ల మొప్పలు నీటిలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా లాగేయగలవు. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే వదిలే గాలిలో ఇంకా 16 శాతం మిగిలే ఉంటుంది. మన ఊపిరితిత్తులు అంత వృథా చేసినా నడిచిపోతోందంటే గాలిలో ఆక్సిజన్ అంత పుష్కలంగా ఉండటం వల్లే.

మొప్పల దగ్గర అందుకున్న ఆక్సిజన్‌ను చేపలో హీమోగ్లోబిన్ మోసుకెళ్తుంది. అందులో ఉండేది ఇనుము. రొయ్యలో ఆ పని చేసే హీమోసయనిన్‌లో ఇనుముకు బదులు రాగి ఉంటుంది. అందుకే ఆక్సిజన్ అందుకున్న రొయ్య రక్తానికి నీలి ఛాయ. చేప గుండెకు రెండే గదులు. రక్తం గుండె నుంచి మొప్పలకు, అక్కడి నుంచి నేరుగా ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకు వస్తుంది. మనిషిలోలాగా ఊపిరితిత్తుల నుంచి మరోసారి గుండెకు వచ్చి వేగం పుంజుకునే వీలు దానికి లేదు.

ఇంత కష్టపడి మోసుకొచ్చిన ఆక్సిజన్ చివరికి చేరేది కణంలో శక్తి తయారయ్యే చిన్న భాగాలైన మైటోకాండ్రియాకు. మేతగా వేసిన నూనె తీసిన తవుడు, వేరుశనగ చెక్క కూడా వేరే దారిలో అక్కడికే చేరతాయి. శీలావతి, బొచ్చె వంటి చేపలకు అసలు జీర్ణాశయమే లేదు, దవడలకు పళ్లూ ఉండవు. గొంతు లోపలి పళ్లతో నలిగిన మేత నేరుగా పేగులోకి వెళ్తుంది. అక్కడ ఎంజైమ్‌లు దాన్ని గ్లూకోజ్, కొవ్వు ఆమ్లాలు, అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. మైటోకాండ్రియాలో ఈ అణువుల నుంచి ఎలక్ట్రాన్లను అంచెలంచెలుగా లాగి, ఆఖరున ఆక్సిజన్‌కు అప్పగిస్తారు. ఎలక్ట్రాన్లు అందుకున్న ఆక్సిజన్ నీరైపోతుంది. ఒక్క మాటలో, ప్రాణుల ఒంట్లో ఆక్సిజన్ ప్రధానంగా చేసే పని ఆ ఎలక్ట్రాన్లను తీసేసుకోవడం. అది తీసుకోవడం ఆపిందా, వెనక ఉన్న అంచెలన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. సయనైడ్ విషం చంపేది సరిగ్గా ఈ చోటే. రక్తం నిండా ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు.

ఎలక్ట్రాన్లు అంచెలు దిగేటప్పుడు విడుదలయ్యే శక్తితో మైటోకాండ్రియా లోపలి పొర గుండా ప్రోటాన్లను ఒక వైపుకు తోస్తారు. అవి తిరిగి ఇటు రావడానికి ఒక ప్రోటీన్ ద్వారం ఉంది, పేరు ఏటీపీ సింథేజ్. ప్రోటాన్లు దానిగుండా వచ్చేటప్పుడు అందులోని ఒక భాగం నిజంగానే గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడుతోనే ఏటీపీ, అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి అణువు, తయారవుతుంది. ప్రోటాన్ల ఆలోచనను 1961లో పీటర్ మిచెల్ ముందుకు తెచ్చినప్పుడు చాలామంది జీవరసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1978లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏటీపీ సింథేజ్ పనిచేసే తీరును వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు 1997లో వచ్చింది. ఆ పొర ఎంత కీలకమో 1930ల్లో మరో రకంగా తెలిసింది. డైనైట్రోఫెనాల్ అనే రసాయనాన్ని అప్పట్లో అమెరికాలో బరువు తగ్గడానికి మింగేవారు. అది ప్రోటాన్లకు పొరలో దొంగదారి ఇస్తుంది. తిండి కాలిపోతుంది, ఏటీపీ మాత్రం సరిగా తయారుకాదు, శక్తంతా వేడిగా పోతుంది. బరువు తగ్గిన మాట నిజమే. ఒళ్లు కాలిపోయే జ్వరంతో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

కండరంలో ఏటీపీ ఉందని 1929లో బయటపెట్టినవాళ్లలో ఒకరు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ముందుగా, 1925లో, రక్తంలోనూ కణజాలంలోనూ ఫాస్ఫరస్‌ను రంగు గాఢతతో కొలిచే పద్ధతి రూపొందించారు. ఆ పద్ధతి ఇప్పటికీ వాళ్లిద్దరి పేరుతోనే వాడుకలో ఉంది. దానితో కండరాన్ని పరిశీలిస్తుండగా 1927లో కండరంలో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది, రెండేళ్లకు ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతానికి అప్పటికే 1922 నోబెల్ బహుమతి అండ ఉంది. ఫాస్ఫేట్ సమ్మేళనాల ఆవిష్కరణతో ఆ సిద్ధాంతం కదిలిపోయింది. సుబ్బారావు పేరు చెప్పగానే మందులు గుర్తొస్తాయి, అది న్యాయమే. కానీ భీమవరం చుట్టుపక్కల బడుల్లో శ్వాసక్రియ పాఠం చెప్పేటప్పుడు కూడా ఆయన పేరు మొదట చెప్పి తీరాలి. ఆ పాఠం మొత్తానికీ ఇరుసు ఆయన చూసిన అణువే.

గ్లూకోజ్, కొవ్వు పెద్ద నోట్లయితే ఏటీపీ చిల్లర. కణంలో ఏ పనికైనా చెల్లేది చిల్లరే, దాన్ని కూడబెట్టుకునే వీలు మాత్రం లేదు. మనిషి ఒంట్లో ఏ క్షణాన చూసినా మొత్తం ఏటీపీ ఒకటి రెండు వందల గ్రాములకు మించదు. రోజంతా తయారై ఖర్చయ్యేది మాత్రం దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుంది. పూర్తి బలంతో పరుగెత్తే కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటే ఇంకొన్ని సెకన్లు. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజ్ అణువు నుంచి దక్కేది రెండు ఏటీపీలు, ఆక్సిజన్ ఉంటే ముప్పై దాకా. తెల్లవారుజామున చేప నోరు తెరిచి కొట్టుకునేది ఈ తేడా కోసమే. నిల్వ లేని చోట నిమిషాల లోటు కూడా ప్రాణం మీదికి వస్తుంది.

మరి కదలకుండా ఉన్న చేపకు కూడా ఇంత ఖర్చు ఎందుకు? జీవక్రియల గురించి అడగాల్సిన ప్రశ్నల్లో లోతైనది ఇదే, పాఠాల్లో తక్కువగా కనిపించేదీ ఇదే. కణం లోపల పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. బయట దానికి తిరగబడి ఉంటుంది. వదిలేస్తే రెండు వైపులా సమానమైపోతాయి. సమానమైతే నరం సంకేతం పంపలేదు, గుండె కొట్టుకోదు, కణం ఉబ్బి పగులుతుంది. అందుకని కణపొరలోని ఒక పంపు ఒక్కో ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ దీన్ని 1957లో పీత కాళ్ల నరాల్లో కనుగొన్నాడు. బోయర్, వాకర్‌లతో పాటు 1997 నోబెల్ అందుకున్న మూడో వ్యక్తి ఈయనే. విశ్రాంతిగా ఉన్న మనిషి ఖర్చుచేసే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు ఈ ఒక్క పంపుకే పోతుంది. మెదడులో వాటా ఇంకా ఎక్కువ. శరీర బరువులో రెండు శాతమే ఉన్న మెదడు శక్తిలో 20 శాతం దాకా తినేయడానికి ఇదొక పెద్ద కారణం.

రెండో పెద్ద ఖర్చు మరమ్మతు. తిన్నది వంటచెరకులా కాలిపోతుంది, ఒళ్లు మాత్రం కట్టిన ఇంటిలా అలాగే ఉంటుంది అని ఒకప్పుడు అనుకునేవారు. జర్మనీ నుంచి 1933లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేరిన రుడాల్ఫ్ షోన్‌హైమర్, బరువైన నైట్రోజన్ ఐసోటోపు ఉన్న అమైనో ఆమ్లాన్ని ఎలుకలకు తినిపించి చూశాడు. ఎదుగుదల ఆగిపోయిన ఎలుకల్లో కూడా అందులో చాలా భాగం కొద్ది రోజుల్లోనే ఒంటి ప్రోటీన్లలో తేలింది. అంటే పాతవి విడిపోతూ, కొత్తవి వాటి చోటును తీసుకుంటూ ఉన్నాయన్నమాట. మనిషి ఎర్ర రక్తకణం బతికేది 120 రోజులు. ఆ లోటు పూడ్చడానికి ఎముక మజ్జ సెకనుకు ఇరవై లక్షలకు పైగా కణాలను తయారుచేస్తుంది. నిశ్చలంగా కనిపించే దేహం లోపల విరామం లేని ఈ కట్టుబడి పని ఉంది. దీన్ని తెలుసుకున్నాక చెరువు అడుగున కదలని చేపను కూడా ఊరికే ఉందని అనలేం.

విడిపోయిన ప్రోటీన్ వల్ల ఒక చిక్కు వస్తుంది. చక్కెర, కొవ్వు కాలితే మిగిలేవి నీరు, కార్బన్ డయాక్సైడ్. ప్రోటీన్‌లో నైట్రోజన్ కూడా ఉంది, అది అమ్మోనియాగా మిగులుతుంది. అమ్మోనియా కణాలకు విషం. చేప దాన్ని మొప్పల గుండా నేరుగా నీటిలోకి వదిలేస్తుంది. నీటిలో బతుకుతుంది కాబట్టి దానికి ఆ సుఖం ఉంది. నేల మీద జీవులకు అంత నీరు ఎక్కడిది? అందుకే మన కాలేయం అమ్మోనియాను యూరియాగా మారుస్తుంది. ఆ వలయాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ గుర్తించారు. పక్షులు, బల్లులు ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, దాదాపు నీటి అవసరమే లేని యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి. రెట్టలో కనిపించే తెల్లని భాగం అదే. ఈ మార్పిడులకూ ఏటీపీ ఖర్చవుతుంది. విసర్జన పాఠం శక్తి పాఠంలోంచి బయటికి పోలేదు.

చెరువులో అమ్మోనియా కథ ఇంకాస్త ఉంది. మేత ఎక్కువైన చెరువులో అది పేరుకుపోతుంది. పగలు శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడం వల్ల మధ్యాహ్నానికి నీటి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన రూపం వాటా పెరుగుతుంది. అంటే ఆక్సిజన్ పుష్కలంగా ఉండే మధ్యాహ్నమే అమ్మోనియాకు ప్రమాద వేళ. ఆ ఆక్సిజన్ అడుగంటే తెల్లవారుజామున అమ్మోనియా బెడద తగ్గుతుంది. రెండు గండాలకూ మూలం ఒకే శైవలాల పని. అమ్మోనియాకు దాన్ని పట్టి ఉంచే జియోలైట్ ఖనిజం చల్లి, ఆక్సిజన్‌కు ఏరేటర్ పెట్టి, రెంటినీ వేర్వేరు జబ్బులుగా చూసినంతకాలం ఖర్చు తగ్గదు. మేత తగ్గిస్తే రెండూ తగ్గుతాయి, ఎందుకంటే తినకుండా అడుగున కుళ్లే మేత ఆక్సిజన్‌నూ మింగుతుంది, అమ్మోనియానూ వదులుతుంది.

మంచినీటి చేప మూత్రపిండాల అసలు పని నైట్రోజన్ కాదు, నీరు తోడెయ్యడం. చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎక్కువ కాబట్టి మొప్పల గుండా నీరు ఆగకుండా లోపలికి దిగుతుంటుంది. దాన్ని పల్చని మూత్రంగా వదులుతూ, పోయిన ఉప్పును మొప్పల్లోని పంపులతో తిరిగి లాక్కుంటుంది. మనిషి మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, లీటరున్నర తప్ప అంతా వెనక్కి తీసుకుంటాయి. ఆ వెనక్కి తీసుకునే పనిలో ఎక్కువ భాగం నడిపేది మళ్లీ స్కౌ కనుగొన్న సోడియం పంపే.

సరఫరా ఆగిపోతే కొన్ని జీవులు వేరే దారి వెతుక్కున్నాయి. కొర్రమీనుకు మొప్పల పైన గాలి పీల్చే గది ఉంది. అందుకే శీలావతి చచ్చే నీటిలో అది పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది, బజారులో కాసిని నీళ్లున్న తొట్టిలో కూడా కదులుతూ ఉంటుంది. శీలావతికి దూరపు చుట్టమైన గోల్డ్‌ఫిష్ ఆక్సిజన్ లేనప్పుడు పోగయ్యే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా వదిలేస్తుంది. వరిలో ఇంకో పద్ధతి ఉంది, అది ఖర్చు తగ్గించుకోవడం. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, వరదలో మునిగితే నీటిపైకి రావాలని ఆత్రంగా పొడుగు సాగుతుంది. ఆ సాగడంలో ఉన్న పిండిపదార్థమంతా అయిపోయి కొద్ది రోజుల్లో చస్తుంది. ఒడిశా దేశవాళీ రకం ఎఫ్‌ఆర్ 13ఏలో ఉన్న ఒక జన్యువు ఆ సాగుడును ఆపేస్తుందని 2006లో గుర్తించారు. దాన్ని స్వర్ణలోకి తెచ్చి 2009లో విడుదల చేసిన స్వర్ణ సబ్-1, మునిగినప్పుడు ఎదుగుదల ఆపి, నిల్వ కాపాడుకుని, రెండు వారాల దాకా నీటి కింద ఓర్చుకుంటుంది. ముంపు అంతకు మించితే అదీ నిలవదు.

చేప చచ్చిన క్షణంలోనే ఈ లెక్కలన్నీ ఆగిపోవు. గుండె ఆగాక కూడా కండరాల్లో మిగిలిన ఏటీపీ కొంతసేపు ఖర్చవుతూనే ఉంటుంది. కండరం బిగియడానికే కాదు, బిగిసిన ప్రోటీన్లు పట్టు వదలడానికీ ఏటీపీ కావాలి. అది అయిపోగానే వదిలేవాళ్లు లేక కండరం కొయ్యలా బిగుసుకుంటుంది. మనిషి శవం కట్టెలా అయ్యేదీ ఇందుకే. వలలో ఎక్కువసేపు కొట్టుకున్న చేప తన ఏటీపీని ముందే ఖర్చుచేసుకుంటుంది కాబట్టి తొందరగా బిగుస్తుంది, మాంసం నాణ్యతా తగ్గుతుంది. తర్వాత ఏటీపీ ముక్కలవుతూ పోతుంది. మొదట ఐఎంపీ, చేపకు రుచి ఇచ్చే పదార్థాల్లో అదొకటి. ఆపైన ఇనోసిన్, చివరికి చేదు తెచ్చే హైపోజాంథిన్. ఈ ఆఖరి రెండింటి వాటా మొత్తంలో ఎంతో లెక్కకట్టి, దాన్ని కే-విలువ అంటూ జపాన్‌లో చేప తాజాదనాన్ని కొలుస్తారు. కైకలూరు, ఆకివీడు నుంచి పెట్టెల్లో ఐసు పరిచి బెంగాల్, అస్సాం దాకా పంపే చేపల్లో సాగేదీ ఇదే విచ్ఛిన్నం. ఐసు ఆ ఎంజైమ్‌ల వేగాన్ని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు. అందుకే చేప ఐసులోకి ఎంత త్వరగా వెళ్లిందన్నదే తర్వాతి ప్రయాణంలో అన్నిటికంటే ఎక్కువ లెక్కకు వస్తుంది.